ఏడో గది గడప

పోయిన వారం శ్రీదుర్గని ఏలూరు దాటాక రోడ్డు పక్కన ఆపిన కారులో, వృద్ధుల నివాసం కమిటీ పెద్ద గంగాధరరావుగారి ఉత్తరం ఒళ్లో పెట్టుకుని ఉండగా వదిలేసి వచ్చాం. ఆ ఉత్తరంలో ఉన్నది నాలుగు ముక్కలే. మండవల్లి వృద్ధుల నివాసంలో ఏడో గది ముందు మా అక్క మంగతాయారు పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. కట్టడంలోనే ఏదో లోపం ఉందని కమిటీలో అనుకుంటున్నారు. బుధవారం మూడు గంటలకి మీరు వచ్చి సమాధానం చెప్పాలి. అంతవరకూ ఏలూరులో మీరు కట్టబోయే రెండో నివాసం సంగతి పక్కన పెడుతున్నాం.

ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్ల కోసం ఇంకాస్త చెప్పాలి. శ్రీదుర్గకి అరవై ఒకటి. తాడేపల్లిగూడెంలో ఆఫీసు. ముప్పై రెండేళ్లుగా ముసలివాళ్లు ఉండే ఇళ్లు గీయడం తప్ప ఇంకో పని పెట్టుకోని ఆర్కిటెక్టు. తనతో చదివినవాళ్లు ఫంక్షన్ హాళ్లూ అపార్ట్‌మెంట్లూ కట్టి పేరు తెచ్చుకుంటుంటే, ఈవిడ మాత్రం బాత్రూమ్ గోడకి కడ్డీ ఎంత ఎత్తులో పెట్టాలి, మంచం మీంచి చూస్తే కిటికీలోంచి దారిన పోయే మనుషులు కనపడతారా లేదా అని ఆలోచిస్తూ జుట్టు నెరిపించుకుంది. ఏలూరు నివాసం ఆవిడ చివరి పని. అది పూర్తయితే ఆఫీసుకి తాళం వేసి హాయిగా నిద్రపోదామనుకుంది. ఇప్పుడు అదే చేజారిపోయేలా ఉంది.

మంగతాయారు పడింది పోయిన శుక్రవారం. సరిగ్గా ఆ రోజే శ్రీదుర్గ ఫోటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని మండవల్లి వచ్చింది, ఏలూరు పని కోసం కమిటీకి చూపించాల్సిన ఫోటోలు తీయించడానికి. కారు గేటు దగ్గరికి వచ్చేసరికి లోపల్నుంచి అంబులెన్సు ఎదురైంది. ఐదు రోజులైంది. ఆపరేషన్ ఎంత త్వరగా చేస్తే అంత మంచిదని డాక్టర్లు చెబుతున్నారు, మంగతాయారు ఒప్పుకోవడం లేదు. ఎందుకు ఒప్పుకోవడం లేదో తమ్ముడికి కూడా చెప్పడం లేదు.

కైకలూరు దగ్గర చేపల మేత లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా తిరగబోయి ఇరుక్కుంది. అక్కడే ముప్పావుగంట పోయింది. మండవల్లి చేరేసరికి ఒంటిగంటన్నర. భోజనం చేయలేదన్న సంగతి కారు దిగాక గుర్తొచ్చింది. మోకాళ్లు రెండూ బిగుసుకుపోయి ఉన్నాయి. ఇన్నేళ్లుగా మోకాళ్ల నొప్పుల వాళ్ల కోసం గీసి గీసి, చివరికి ఆ నొప్పులు నాకే వచ్చి చేరాయి అనుకుంది. నవ్వు కూడా రాలేదు.

నివాసం చిన్నదే. మధ్యలో వాకిలి, దాని చుట్టూ వరండా, వరండా వెంట పన్నెండు గదులు, గదికి ఇద్దరు. పెంటపాడు వైపు వ్యవసాయ కుటుంబాల వాళ్లు కొందరు, కొల్లేటి లంకల్లో చేపల మీద బతికినవాళ్లు కొందరు. గేటు దగ్గర్నుంచి చివరి బాత్రూమ్ దాకా నేల ఒక్క మట్టంలో ఉంటుంది. వేలెడంత ఎత్తు కూడా ఎక్కడా కాలికి తగలదు. శ్రీదుర్గ గొప్పగా చెప్పుకునేది అదొక్కటే.

దాని వెనక ఒక మనిషి ప్రాణం ఉంది. మొట్టమొదట తాడేపల్లిగూడెంలో కట్టిన నివాసానికి ప్రతి గదికీ టేకు గడప పెట్టించింది. చిన్నతనపు ముచ్చట, మంచి నగిషీ కూడా చెక్కించింది. ప్రారంభమైన రెండో నెలలో దేవసహాయం మాస్టారు ఆ గడప కాలికి తగిలి పడ్డారు. నెల తిరక్కుండా పోయారు. చూడ్డానికి వెళ్లినప్పుడు ఆయన మంచంలోంచే చేయి ఊపి, నీ తప్పేముందమ్మా, నేనే చూసుకోలేదు అన్నారు. ఆ మాట శ్రీదుర్గని ఇప్పటికీ నిద్రపోనివ్వదు. ఆ తర్వాత కట్టిన ఇరవై రెండు కట్టడాల్లో ఒక్కదానికీ గడప లేదు.

ఏడో గది ముందుకు వచ్చి, గుమ్మం చెక్క పట్టుకుని, మెల్లిగా మోకాళ్ల మీద కూర్చుంది. పలక జారుతోందా, ఎక్కడైనా లేచిందా అని అరచేత్తో తడిమి చూసింది. ఏమీ లేదు. లేవబోతుండగా గుమ్మానికి రెండు పక్కలా, నేలకి ఆనుకుని, పచ్చగా కనిపించింది. రెండు వేళ్ల ఎత్తున గీత గీసినట్టు ఆగిపోయిన పసుపు మరక. ఆ మరకల మధ్య ఏదో అడ్డంగా ఉండేదని తెలుసుకోవడానికి ఆర్కిటెక్టే కానక్కర్లేదు.

గది లోపల అచ్చమ్మ నేల మీద కాళ్లు చాపుకుని చిరిగిన వల బాగుచేస్తోంది. డెబ్భై నాలుగేళ్ల మనిషి, మంగతాయారుతో పాటు ఈ గదిలో ఉండేది ఆవిడే. మొగుడు కొల్లేట్లో, తాటిమాను తొలిచి చేసిన దోనె మీద చేపలు పట్టేవాడు, పోయి తొమ్మిదేళ్లైంది. కొడుకు చిన్నరాజు కైకలూరు అవతల చేపల చెరువుకి కాపలా ఉంటాడు. గట్టు మీద ఒక్క మంచం పట్టే పాకలో అతనూ భార్యా ఉంటారు, ఇంకో మనిషికి అక్కడ చోటు లేదు. అందుకే ఆవిడ ఇక్కడుంది.

"ఇక్కడ ఏముండేదండీ అచ్చమ్మగారూ?" అని అడిగింది శ్రీదుర్గ.

"గడపండి," అంది అచ్చమ్మ, అందులో దాచేదేముంది అన్నట్టు. వంగి తన మంచం కిందికి చేయి పోనిచ్చి, ఒక చెక్క బయటికి లాగింది.

నల్లటి తాటి చెక్క. గుమ్మం వెడల్పుకి సరిగ్గా కోసి ఉంది. పైన పసుపు ముద్దలా పట్టి ఉంది, మధ్యమధ్య కుంకుమ బొట్లు. శ్రీదుర్గ దాన్ని ఒళ్లో పెట్టుకుని తిరగేసింది. అంచులు నున్నగా గుండ్రం చేశారు. కింద జారకుండా సైకిలు ట్యూబు ముక్కలు మేకులతో కొట్టారు. పని తెలిసిన చెయ్యి చేసిన చెక్క అది.

తర్వాత అచ్చమ్మ చెప్పిందంతా వినడానికి శ్రీదుర్గ అక్కడే నేల మీద చతికిలబడింది. ఎనిమిది నెలల కిందట తనూ మంగతాయారూ ఈ గదిలోకి వచ్చినప్పుడు నెల రోజుల పాటు ఇద్దరూ పది మాటలు కూడా మాట్లాడుకోలేదట. ఆవిడ ధాన్యం కొట్లున్న ఇంటి మనిషి, ఈవిడ నీళ్ల మీద బతికిన మనిషి. ఒక శుక్రవారం పొద్దున మంగతాయారు పసుపు గిన్నె పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడిపోయింది, ఎక్కడ రాయాలో తెలియక. చివరికి నేల మీదే పలక అంచున రాసింది. పది నిమిషాల్లో ఆయా వచ్చి ఫినాయిలుతో తుడిచేసింది. ఆ పూట మంగతాయారు టిఫిన్ తినలేదు.

"పద్దెనిమిదేళ్ళయ్యిందంటండి ఆవిడ గడపకి పసుపు రాసి," అంది అచ్చమ్మ. "మొగుడు పోయినదానివి నువ్వు రాయకూడదు, కోడళ్ళు రాత్తారన్నారంట ఇంట్లో. ఇక్కడ కాదనేవాళ్ళెవరున్నారు, రాసుకుందామనుకుంటే గడపే లేదు. మా ఆయన దోనె గట్టు మీద పడి ఎండిపోతంది. దాన్ని కోయించి తెమ్మన్నాను మావోణ్ణి."

శ్రీదుర్గ చెక్క మీది పసుపుని వేలితో తాకింది. గూడెంలో ఆవిడ సొంత ఇంటికి గడప ఉంది. ప్రతి శుక్రవారం ఆ గడపకి పసుపు రాసే బయటికి అడుగుపెడుతుంది. తను గీసే ఇళ్లకి మాత్రం అది అడ్డం, ప్రమాదం, కొలతల్లో తీసేయాల్సిన వస్తువు. ఇన్నేళ్లలో ఆ రెండిటినీ ఒక్కచోట పెట్టి చూసుకోలేదు. ఎంత మంది ముసలివాళ్లని కూర్చోబెట్టి ఎన్ని ప్రశ్నలు అడిగింది. గాలి ఎటు నుంచి రావాలి, బల్ల ఎంత ఎత్తుండాలి, రేడియో ఎక్కడ పెట్టుకుంటారు. ఇంటికి ఏముంటే ఇల్లనిపిస్తుందని మాత్రం అడగలేదు.

"ఒకటే కోయించారా?" అంది చివరికి.

అచ్చమ్మ మొదటిసారి తడబడింది. లేచి, గోడ పట్టుకుని, రమ్మన్నట్టు తల ఊపింది. ఆరో గదిలోకి తీసుకెళ్లింది. అక్కడ మంచం కింద ఒక చెక్క. ఎనిమిదో గదిలో ఇంకోటి. మూడో గదిలో పక్షవాతం వచ్చి లేచిన సుబ్బరాజుగారు, ఎవరూ అడక్కుండానే, తన చేతికర్రతో మంచం కింది చెక్కని ముందుకు తోశారు. ఏడో గది చెక్కతో కలిపి పన్నెండు. అచ్చమ్మ మొగుడి దోనె మొత్తం పన్నెండు మంచాల కింద ఉంది. పొద్దున్న లేవగానే పెట్టుకుంటారు, ఎవరైనా చూడ్డానికి వస్తున్నారంటే తీసేస్తారు, వాళ్లు వెళ్లాక మళ్లీ పెట్టుకుంటారు. నెలల తరబడి అలాగే నడుస్తోంది.

తిరిగి ఏడో గదికి వచ్చాక, అడగడం ఇష్టం లేకపోయినా, మంగతాయారు ఆ చెక్క తగిలే పడిందా అని అడిగింది శ్రీదుర్గ. అచ్చమ్మ వల అందుకుని ముడి కోసం వెతుకుతూ తల దించుకుంది.

"పడ్డారు కదండీ. చెక్క పెట్టింది నేను. నా మీదే రాసేసుకోండి. మీరింకా ఇళ్ళు కట్టాలి."

ఇంకొకళ్లైతే ఆ మాట దగ్గర ఆగి ఉండేవాళ్లు. సైకిలు ట్యూబు కొట్టిన చెక్క అలా ఎలా జారుతుందని ఒక్క క్షణం శ్రీదుర్గకి కూడా తట్టింది. కానీ ఒంట్లో ఓపిక లేదు, ఆకలి, పైగా టైమ్ మూడు కావస్తోంది. ఆ ఆలోచన అలాగే పోయింది.

భోజనాల హాల్లో గంగాధరరావుగారు ముందే వచ్చి కూర్చున్నారు. డెబ్భై ఏళ్ల రైతు. కోపం వచ్చినా గొంతు లేవని మనిషి, అందుకే ఆయన ఎదుట మాట్లాడాలంటే ఎక్కువ భయం. పక్కన మేనేజరు హేమంత్‌కుమార్ ఫైలు పట్టుకుని నిలబడ్డాడు. ముప్పై దాటని కుర్రాడు, చురుకైనవాడు, కానీ ఇవాళ ఎందుకో శ్రీదుర్గ మొహంలోకి చూడటం లేదు. కమిటీలో మిగిలిన ఇద్దరూ రాలేదు.

భోంచేశారా అని అడిగి, లేదంటే మజ్జిగ తెప్పించి, ఆవిడ తాగేదాకా ఆగి, అప్పుడు విషయంలోకి వచ్చారు గంగాధరరావు. హేమంత్‌కుమార్ ఒక కాగితం రాసిచ్చాడట. ఏడో గదిలో ఉండే అచ్చమ్మ అనుమతి లేకుండా గుమ్మానికి అడ్డంగా చెక్క పెట్టిందనీ, మంగతాయారు దానివల్లే పడిందనీ అందులో ఉంది. కట్టడాన్ని మార్చినవాళ్లు నివాసం ఖాళీ చేయాలన్నది ఇక్కడి రూలు. కట్టినావిడ కూడా చూసి, అవునని సంతకం పెడితే సరిపోతుంది. కట్టడంలో లోపం లేదని తేలిపోతుంది, ఏలూరు పని ఎక్కడాగిందో అక్కడి నుంచి మొదలు పెట్టుకోవచ్చు.

కాగితం బల్ల మీదికి వచ్చింది, దాని మీద పెన్ను. శ్రీదుర్గకి ఒక్క సంతకం చాలు. అబద్ధం కూడా కాదు, అచ్చమ్మే ఒప్పుకుంది. అచ్చమ్మ వెళ్లి గట్టు మీద పాకలో ఎక్కడ పడుకుంటుందన్నది కాగితంలో ఎవరూ రాయలేదు. శ్రీదుర్గ పెన్ను తీసింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆవిడకి ధర్మాధర్మాల కన్నా ఇంటికెళ్లి పడుకోవాలని ఎక్కువగా ఉంది.

కానీ రాయడం మొదలుపెట్టేసరికి చెయ్యి వేరే మాట రాసింది. "ఈ ఇంటికి గడప వద్దనుకున్నది నేను. ఉండేవాళ్లని అడగకుండా అనుకున్నాను. తప్పు అచ్చమ్మగారిది కాదు." కింద సంతకం పెట్టి, తారీఖు వేసి, కాగితం అటు తిప్పింది. ఏలూరు పోతే పోయిందనుకుంది. చాలా రోజుల తర్వాత గుండె తేలికైంది. మనం మంచిపని చేశామని మనకే అనిపించినప్పుడు కలిగే ఆ కాస్త గర్వం కూడా కలిగింది. ఎక్కువసేపు నిలవలేదు, పాపం.

గంగాధరరావు అది రెండుసార్లు చదివారు. అచ్చమ్మని పిలవమన్నారు. ఆవిడ చంకలో చెక్క పెట్టుకునే వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. శ్రీదుర్గగారు నీ తప్పు కాదని రాసిచ్చారమ్మా, తప్పంతా తన మీద వేసుకున్నారు అని ఆయన కాగితం చదివి వినిపించారు.

అచ్చమ్మ శ్రీదుర్గ వంక చూసింది. ఆ చూపులో కృతజ్ఞత ఉంటుందని శ్రీదుర్గ అనుకుంది, ఉన్నది జాలి.

"అయితే చెప్పేత్తానండి," అంది అచ్చమ్మ, గంగాధరరావు వైపు తిరిగి. "మీ అక్కగారు గడప తగిలి పడలేదండి. ఆ పూట గుమ్మంలో గడప లేదు. నేనే తీసి మంచం కింద పెట్టేశాను. ఆవిడప్పుడు స్నానాలగదిలో ఉన్నారు. తీసేశానని చెప్పలేదు నేను. ఎప్పట్లాగే గుమ్మం పట్టుకుని, గడప ఉందనుకుని కాలు ఎత్తి దాటారు. ఆవిడకి చూపు ఆనదు కదండీ. ఎత్తిన కాలు ఎక్కడ దిగిందో తెలీక పక్కకి ఒరిగిపోయారు."

లేని మెట్టు ఉందనుకుని కాలు వేసినప్పుడు ఒళ్లంతా ఎలా ఝల్లుమంటుందో శ్రీదుర్గకి తెలుసు. ఇప్పుడు కుర్చీలో కూర్చునే అలా అయింది. గడప తగిలి ఒకరు పడ్డారని ముప్పై ఏళ్లు గడపలు తీసేస్తూ వచ్చింది. గడప లేక ఇంకొకరు పడ్డారు.

"మరి ఎందుకు తీశావమ్మా ఆ పూట?" అన్నారు గంగాధరరావు.

అచ్చమ్మ చంకలో చెక్క సర్దుకుంది. మనిషిని మొహం మీద అనడం ఆవిడకి చేతకాదు. ఇందాక గదిలో తప్పు తన మీద వేసుకున్నదీ అందుకే. హేమంత్‌కుమార్ ఫైలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. చెక్కల సంగతి అతనికి మొదట్నుంచీ తెలుసనీ, తెలియనట్టు ఊరుకుంటూ వచ్చాడనీ అతని మొహమే చెబుతోంది. శుక్రవారం పొద్దున ఎనిమిదిన్నరకి గదిగదికీ తిరిగి, గుమ్మాలు ఖాళీ చేయండని చెప్పింది అతనే. చెప్పమన్నది ఎవరో ఒక్కసారిగా గుర్తొచ్చింది శ్రీదుర్గకి.

అతను శ్రీదుర్గని కాపాడాలనే చూశాడు. కాగితంలో అచ్చమ్మ పేరు రాసింది కూడా, ఇంకో పేరు రాయలేకనే. శ్రీదుర్గకి ఆ కుర్రాడి మీద కోపం రాలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి.

"మీ ఫోన్ తీయండి హేమంత్," అంది. "శుక్రవారం పొద్దున నేను మీకు పెట్టిన మెసేజ్ ఉంటుంది. గంగాధరరావుగారికి చదివి వినిపించండి."

"మేడమ్, వద్దులెండి."

"చదవండి."

అతను తల ఎత్తకుండా చదివాడు. "పది గంటలకి ఫోటోలకి వస్తున్నాం. గుమ్మాల దగ్గర ఏ అడ్డమూ ఉండకూడదు. నేల అంతా ఒక్క మట్టంలో కనిపించాలి. అందరికీ చెప్పండి."

శ్రీదుర్గ సంతకం పెట్టిన కాగితాన్ని గంగాధరరావు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. చింపలేదు, తిరిగి ఇవ్వలేదు. ఏలూరు సంగతి ఎత్తనేలేదు.

"ఈ మాట అక్కకి నేను చెప్పలేనమ్మా," అన్నారు. ఏలూరు పని శ్రీదుర్గకివ్వమని కమిటీతో నెల రోజులు పోట్లాడింది ఆవిడేనని అప్పుడు బయటపెట్టారు. అక్క దగ్గర ఇవాళ ఆపరేషన్‌కి ఒప్పుకోలు సంతకం తీసుకోకపోతే ఇక మంచం దిగడం కష్టమని డాక్టరు పొద్దున గట్టిగా చెప్పాడట. "ఏలూరు ఆసుపత్రిలో ఆరింటిదాకా చూడనిస్తారు. మీరే వెళ్లి చెప్పండి. అక్క తిట్టినా, కొట్టినా, సంతకం మాత్రం పెట్టించుకుని రండి."

శ్రీదుర్గ లేచింది. మోకాళ్లు సహకరించక బల్ల పట్టుకుంది. ఏం చెప్పి ఒప్పించాలో తెలియలేదు. మీరు పడింది నా ఫోటోల కోసం అని మొదలుపెట్టాలా, చివర్లో చెప్పాలా? గుమ్మం దాకా వెళ్లేసరికి వెనక నుంచి అచ్చమ్మ వచ్చి, చంకలో చెక్క తీసి ఆవిడ చేతుల్లో పెట్టింది. బరువుగానే ఉంది. పసుపు చీరకి అంటుకుంది.

"నిన్న మావోడు ఆసుపత్రికెళ్తే మంగతాయారమ్మగారు ఒక మాట చెప్పి పంపారండి," అంది అచ్చమ్మ మెల్లిగా. "మీతోనే చెప్పమన్నారు. నాకే నోరు రాలేదు."

"ఏమన్నారు?"

"ఆపరేషన్ చేయించుకుని, కర్ర పట్టుకుని నడిచొచ్చి, నేను ఏ గడప దాటాలో ఆ ఇల్లు కట్టినావిణ్ణే వచ్చి చెప్పమను, అన్నారండి."